మార్గరెటె స్టైఫ్

మార్గరెటె స్టైఫ్ (1847 జూలై 24 - 1909 మే 9) జర్మనీ దేశానికి చెందిన బొమ్మల తయారీదారు, స్టైఫ్ బొమ్మల సంస్థ వ్యవస్థాపకురాలు. పసితనంలోనే పోలియో సోకి రెండు కాళ్ళు చచ్చుబడినా, కుడిచేయి సరిగా స్వాధీనంలో లేకపోయినా, కుట్టుపనినే జీవనాధారంగా చేసుకొని స్వశక్తితో నిలిచిన మహిళ ఈమె. ఇంట్లో సూదులు గుచ్చుకొనేందుకు కుట్టిన ఒక చిన్న ఏనుగు బొమ్మతో ఆరంభమైన ఈమె వ్యాపారం, ఈమె జీవితకాలంలోనే ఏటా లక్షల సంఖ్యలో బొమ్మలను దేశదేశాలకు పంపే స్థాయికి చేరింది. పిల్లలందరూ ఎరిగిన టెడ్డీబేర్ ఎలుగుబంటి బొమ్మ పుట్టిన రెండు చోట్లలో ఈమె కార్ఖానా ఒకటి.

బాల్యం, అనారోగ్యం

మార్గరెటె దక్షిణ జర్మనీలో బ్రెంట్స్ నది ఒడ్డున గల గీంగెన్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. ఆనాడు ఈ పట్టణం వుర్టెంబెర్గ్ రాజ్యంలో భాగం. తండ్రి ఫ్రీడ్రిష్ స్టైఫ్ భవన నిర్మాణ మేస్త్రీ. తల్లి మరియా మార్గరెటె హేన్లె కుటుంబానికి చెందినది. నలుగురు సంతానంలో ఈమె మూడవది. మారీ, పౌలీనె ఈమె అక్కలు, ఫ్రిట్స్ తమ్ముడు.

ఏడాదిన్నర వయసులో ఈమెకు తీవ్రమైన జ్వరం వచ్చింది. జ్వరం తగ్గిన తరువాత కాళ్ళలో చలనం పోయింది. కుడిచేయి కూడా బలహీనపడి, ఎత్తినప్పుడల్లా నొప్పి పెట్టేది. ఈమెకు సోకినది పోలియో అని తరువాత తెలిసింది. ఆ రోజులలో ఈ వ్యాధికి కారణమేమిటో వైద్యులకు తెలియదు. అది ఒక వైరస్ వలన కలుగుతుందని వియన్నాలో నిరూపించినది 1908లో, అనగా మార్గరెటె మరణానికి ఒక్క సంవత్సరం ముందు మాత్రమే.

1856లో తల్లిదండ్రులు ఈమెను లుడ్విగ్స్‌బర్గ్ పట్టణంలోని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళారు. అక్కడ కాళ్ళకు శస్త్రచికిత్స చేశారు. తరువాత వేడినీటి ఊటలకు పేరుపొందిన విల్డ్‌బాడ్‌లో స్నాన చికిత్స కూడా చేయించారు. వీటి వలన ఫలితం కలగలేదు. అయితే ఇంటికి దూరంగా ఇతర పిల్లలతో కలిసి గడిపిన ఆ నెలలు ఆమెకు ధైర్యాన్ని ఇచ్చాయి. యౌవనంలో అడుగుపెట్టే నాటికి, ఇక చికిత్సల కోసం వెతకటం మాని, ఉన్న శక్తితోనే బ్రతకాలని ఆమె నిశ్చయించుకొంది.

విద్య, కుట్టుపని

మార్గరెటెను తోబుట్టువులు, ఇరుగుపొరుగు పిల్లలు చిన్న బండిలో కూర్చోబెట్టి బడికి లాక్కొని వెళ్ళేవారు. బడి మెట్లు ఎక్కించటానికి ఎవరో ఒకరు ఎత్తుకొనవలసి వచ్చేది. చదువులో ఈమె చురుకైనది. వీధిలో ఆడుకొనే పిల్లలకు బండిలో కూర్చొనే కథలు చెప్పి, ఆటలు కల్పించి, వారి మధ్య తన స్థానాన్ని నిలుపుకొంది.

బడి చదువుతో పాటు కుట్టు పాఠశాలలో కూడా చేరింది. కుడిచేతి నొప్పి వలన మొదట్లో పని చాలా నెమ్మదిగా సాగేది. ఈమె కుట్టుపనిలో రాణించగలదని ఇంటివారికి నమ్మకం లేదు. అయినా పట్టు విడువక 17 ఏళ్ళ వయసుకు శిక్షణ పూర్తి చేసింది. బల్లపై ఉంచి మీటే జిథర్ అనే తంత్రీవాద్యాన్ని కూడా నేర్చుకొని, ఇతరులకు నేర్పి కొంత సంపాదించింది.

అక్కలతో కలిసి ఈమె స్త్రీల దుస్తులు కుట్టే పని చేపట్టింది. 1874లో తండ్రి ఇంటిని మార్పించి, కుట్టుపనికి ప్రత్యేకంగా ఒక గది ఏర్పరచాడు. గీంగెన్ పట్టణంలో మొట్టమొదటి కుట్టు మిషను వీరిదేనని చెబుతారు. చేతితో తిప్పే మిషనుకు చక్రం కుడివైపున ఉంటుంది. మార్గరెటె కుడిచేయి అందుకు సహకరించదు. అందుచేత మిషనును వెనుకకు తిప్పి పెట్టుకొని, ఎడమచేతితో చక్రం తిప్పుతూ కుట్టేది.

ఫెల్టు దుస్తుల దుకాణం

ఈమె వ్యాపారానికి మూలవస్తువు ఫెల్టు. ఇది మగ్గంపై నేసిన గుడ్డ కాదు. ఉన్ని పీచును తడి, వేడి, ఒత్తిడులతో ఒకదానితో ఒకటి పెనవేసి తయారుచేసే దళసరి బట్ట. దీనిని ఎలా కత్తిరించినా అంచుల వెంట దారాలు ఊడిరావు. తల్లి తరపు బంధువులైన హేన్లె కుటుంబానికి గీంగెన్‌లోనే ఫెల్టు కర్మాగారం ఉండేది. అందువలన మంచి సరుకు దగ్గరలోనే లభించేది.

బంధువుల ప్రోత్సాహంతో 1877లో మార్గరెటె సొంతంగా ఫెల్టు దుస్తుల దుకాణం తెరిచింది. ఫెల్టుతో కుట్టిన లోపావడాలు, పిల్లల కోట్లు, ఇంటి వాడకపు వస్తువులు అమ్మేది. గిరాకీ పెరగటంతో మరికొందరు స్త్రీలను పనిలో పెట్టుకొంది. కుటుంబానికి జీవితాంతం భారమవుతుందని అందరూ తలచిన అమ్మాయి, ముప్ఫై ఏళ్ళ వయసుకు ఇతరులకు జీతాలిచ్చే యజమానురాలైంది.

ఏనుగు బొమ్మ

1879 డిసెంబరులో ఒక ఫ్యాషన్ పత్రికలో గుడ్డతో ఏనుగు కుట్టే నమూనా అచ్చయింది. మార్గరెటె ఆ నమూనాను అనుసరించి ఫెల్టుతో ఏనుగులు కుట్టి, లోపల మెత్తని ఉన్ని దట్టించింది. సూదులు గుచ్చుకొనేందుకు పనికివస్తాయని వీటిని బంధుమిత్రులకు కానుకగా ఇచ్చింది. కాని వాటిని పిల్లలు చేజిక్కించుకొని ఆటవస్తువులుగా మార్చుకొన్నారు. ఆ రోజులలో బొమ్మలు అధికంగా కర్రతో, రేకుతో, పింగాణీతో చేసేవారు. కౌగిలించుకొని పడుకోగలిగిన మెత్తని బొమ్మలు అరుదు. సూదుల కోసం కావలసిన మెత్తదనమే పిల్లలకు నచ్చింది.

స్టైఫ్ సంస్థ 1880వ సంవత్సరాన్ని తన ఆరంభ సంవత్సరంగా లెక్కిస్తుంది. తమ్ముడు ఫ్రిట్స్ ఈ ఏనుగులను సమీపంలోని హైడెన్‌హైమ్ సంతకు తీసుకువెళ్ళి అమ్మాడు. 1886 నాటికి ఏటా అమ్ముడైన ఏనుగుల సంఖ్య 5 వేలు దాటింది. క్రమంగా కోతి, గాడిద, గుర్రం, ఒంటె, పంది, కుక్క, పిల్లి, కుందేలు మొదలైన బొమ్మలు కూడా చేరాయి. 1892లో మొదటి సచిత్ర ధరల పుస్తకం వెలువడింది. 1893లో సంస్థ ఫెల్టు బొమ్మల కర్మాగారంగా వాణిజ్య పట్టికలో నమోదైంది. ఆ సంవత్సరమే లైప్‌జిగ్ బొమ్మల సంతలో పాల్గొంది.

వ్యాపార విధానం

మార్గరెటె వ్యాపారం మొదట అప్పుతోనో, పెద్ద యంత్రాలతోనో ఆరంభమైనది కాదు. ఉన్న దుకాణం ఆదాయంపై ఆధారపడి, బొమ్మలను అదనపు సరుకుగా మొదలుపెట్టి, గిరాకీని చూసిన తరువాతనే విస్తరించింది. ఈమె విధానంలో ముఖ్యమైన అంశాలు ఇవి:

* కొత్త బొమ్మ నమూనాను ముందుగా తానే కుట్టి పరీక్షించేది. లోపాలు సరిదిద్దిన తరువాతనే దానిని పనివారికి అప్పగించేది.
* కుట్టుపనిలో అధికభాగం గీంగెన్, పరిసర గ్రామాల స్త్రీలు తమ ఇళ్ళలోనే చేసేవారు. ఇందువలన ఇల్లు విడిచి రాలేని స్త్రీలకు సంపాదన లభించింది.
* పిల్లల వస్తువు గనుక సరుకులో గాని, పనితనంలో గాని రాజీ పడకూడదనేది ఈమె నియమం. ధర తగ్గించటం కంటె నాణ్యత నిలపటమే మేలని భావించింది.

ఎలుగుబంటి బొమ్మ

ఫ్రిట్స్ కుమారులు ఒక్కొక్కరుగా మేనత్త సంస్థలో చేరారు. వీరిలో రిచర్డ్ స్టైఫ్ స్టట్‌గార్ట్‌లో చిత్రకళ అభ్యసించి 1897లో చేరాడు. విద్యార్థిగా ఉన్నప్పుడు అక్కడి జంతు ప్రదర్శనశాలలో ఎలుగుబంట్ల బొమ్మలు ఎన్నో గీశాడు. 1902లో ఇతడు కాళ్ళు, చేతులు కదిలే ఎలుగుబంటి బొమ్మను రూపొందించాడు. దాని పేరు 55 పీబీ. 55 అనేది సెంటీమీటర్లలో దాని ఎత్తు. మిగిలిన అక్షరాలు ప్లష్ బట్టకు, కదిలే అవయవాలకు గుర్తు. అంగోరా మేక వెంట్రుకలతో నేసిన నూగు బట్టను దీనికి వాడారు. ఆనాటి ఎలుగుబంటి బొమ్మలకు లోపల సన్నని చెక్క తురుము దట్టించి, కళ్ళకు బూట్ల గుండీలు కుట్టేవారు.

ఈ బొమ్మ ఖరీదైనది, బరువైనది కావటంతో మార్గరెటె మొదట సందేహించినట్లు చెబుతారు. అయినా మేనల్లుని ప్రయత్నానికి అడ్డు చెప్పలేదు. 1903 వసంతంలో లైప్‌జిగ్ సంతలో దీనిని ప్రదర్శించారు. మొదట ఎవరూ ఆసక్తి చూపలేదు. సంత ముగిసే వేళకు ఒక అమెరికా వ్యాపారి 3,000 బొమ్మలు కావాలని అడిగినట్లు సంస్థ చరిత్ర చెబుతోంది. ఆ తొలి నమూనా బొమ్మలలో ఒక్కటి కూడా నేటికి మిగిలి ఉన్నట్లు నిర్ధారణ కాలేదు.

అదే కాలంలో అమెరికాలో మరొక కథ నడిచింది. 1902 నవంబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ రాష్ట్రంలో వేటకు వెళ్ళి, కట్టివేసిన ఎలుగుబంటిని కాల్చటానికి నిరాకరించాడు. ఈ ఘటనపై క్లిఫర్డ్ బెరీమన్ వేసిన వ్యంగ్య చిత్రం వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో వచ్చింది. అది చూసి న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం నడిపే మారిస్ మిక్టమ్, రోజ్ దంపతులు ఎలుగుబంటి బొమ్మ కుట్టి, రూజ్‌వెల్ట్ ముద్దుపేరైన టెడ్డీ పేరుతో అమ్మారు. ఈ విధంగా రెండు దేశాలలో, ఒకరి సంగతి మరొకరికి తెలియకుండానే, ఇంచుమించు ఒకే సమయంలో ఈ బొమ్మ పుట్టింది. టెడ్డీ పేరు అమెరికాలో స్థిరపడి, తరువాత స్టైఫ్ బొమ్మలకు కూడా వర్తించింది.

విస్తరణ, చెవిలో గుండీ

1903లో గీంగెన్‌లో ఉక్కు చట్రానికి గాజు గోడలు అమర్చిన కొత్త కార్ఖానా నిర్మించారు. కుట్టుపనికి వెలుతురు బాగా ఉండాలనేది దీని ఉద్దేశం. లోపల పనిచేసే యువతులు బయటికి కనిపించేవారు గనుక పట్టణ ప్రజలు దీనిని కన్యల చేపలతొట్టి అని హాస్యంగా పిలిచేవారు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో సంస్థకు అత్యున్నత బహుమతి లభించింది.

పేరు పెరిగిన కొద్దీ చౌక నకళ్ళు కూడా వచ్చాయి. వీటి నుండి తమ సరుకును వేరుగా గుర్తించటానికి మరొక మేనల్లుడు ఫ్రాంట్స్ 1904లో ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి బొమ్మ చెవికి లోహపు గుండీ బిగించటమే ఆ ఉపాయం. మొదటి గుండీలపై ఏనుగు ముద్ర ఉండేది. 1905లో ఈ గుర్తును వ్యాపార చిహ్నంగా నమోదుకు సమర్పించారు. 1906లో సంస్థ పరిమిత బాధ్యత గల కంపెనీగా మారి, మేనల్లుళ్ళు నిర్వాహకులయ్యారు. 1907లో సుమారు 9,74,000 ఎలుగుబంటి బొమ్మలు తయారయ్యాయి. అప్పటికి కార్ఖానాలో 400 మంది, ఇళ్ళ వద్ద 1,800 మంది పనిచేసేవారు.

మరణం, వారసత్వం

మార్గరెటె వివాహం చేసుకోలేదు. చక్రాల కుర్చీలో ఉంటూనే సంస్థ వ్యవహారాలు చూసేది. 1909 మే 9న న్యుమోనియా వ్యాధితో గీంగెన్‌లో మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 61 సంవత్సరాలు.

ఆమె మరణానంతరం మేనల్లుళ్ళు సంస్థను కొనసాగించారు. చెవి గుండీ నేటికీ స్టైఫ్ బొమ్మల గుర్తుగా ఉంది. పాత స్టైఫ్ బొమ్మలను సేకరించేవారు ఎందరో ఉన్నారు. 1994లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో 1904 నాటి ఒక స్టైఫ్ ఎలుగుబంటి బొమ్మ 1,10,000 పౌండ్లకు అమ్ముడైంది. 2005లో గీంగెన్‌లో స్టైఫ్ మ్యూజియం ప్రారంభమైంది. అదే సంవత్సరం జర్మనీలో ఆమె జీవితంపై ఒక టెలివిజన్ చిత్రం వచ్చింది. జర్మనీలో వికలాంగులైన పిల్లలకు విద్య నేర్పే కొన్ని పాఠశాలలకు మార్గరెటె స్టైఫ్ పేరు పెట్టారు.