సూది పక్కన పెట్టిన అమ్మాయి

పనీపాటా మానేసి బొమ్మలు గీస్తూ కూర్చుంటే చీవాట్లు తినని ఆడపిల్ల ఏ ఇంట్లోనైనా ఉంటుందా? చిన్నప్పుడు నోటుపుస్తకం వెనక పేజీల నిండా బొమ్మలేసి నేనూ తిన్నాను. అందుకేనేమో, చైనా చిత్రకారిణి చెన్ షు కథ చదువుతుంటే మొదట్లోనే నా మనసు ఆగిపోయింది.

ఆమె 1660లో జెజియాంగ్ ప్రాంతంలోని షియుషుయిలో పుట్టింది. చైనాని చింగ్ రాజవంశం ఏలుతున్న కాలం. ఆడపిల్ల అంటే కుట్టుపని, అల్లికలు వచ్చి తీరాలి. ఈ పిల్లేమో గోడకి వేలాడుతున్న ఓ పేరున్న చిత్రాన్ని చూసి అచ్చంగా దింపేసిందట. కుట్టుపని ఎగ్గొట్టిందని తల్లి కొట్టింది. తర్వాత తల్లి కలలోకి దేవుడొచ్చి, నీ కూతురికి కుంచె ఇచ్చింది నేనే, అడ్డుపడకు అని మందలించాడని చెప్పుకుంటారు. ఆడపిల్ల బొమ్మ గీసుకోవాలన్నా దేవుడి సిఫార్సే కావాల్సి వచ్చింది, చూడండి!

భర్త చియెన్ లున్‌గ్వాంగ్ చదువుకున్నవాడే, కవిత్వం రాసేవాడు. డబ్బే లేదు. పైగా ఇంటికి వచ్చేపోయే అతిథులు. వాళ్లకి మర్యాద జరగాలంటే తన బట్టలు, నగలు తాకట్టు పెట్టేది. బొమ్మలూ అమ్మింది. ఈ తిప్పలు మనకి తెలియనివా? ఆ చాకిరీ మధ్యే పిల్లలకి చదువు చెప్పింది, కుంచె మాత్రం వదల్లేదు. బంధువుల అబ్బాయి జాంగ్ గెంగ్‌కి చిత్రకళ నేర్పింది కూడా. అతనే తర్వాత చింగ్ కాలపు చిత్రకారుల చరిత్ర రాశాడు.

1721లో పెద్దకొడుకు చెన్‌చున్ రాజ్యంలోకెల్లా పెద్ద పరీక్ష పాసయ్యాడు. అదే ఏడు, అరవయ్యొకటో ఏట, ఆమె ఓ తెల్ల కాకతువ్వని గీసింది. 1735లో కొత్త సంవత్సరం కోసం పూలు, పళ్లతో ఒక చిత్రం వేసింది. ఇలాంటి పండుగ బొమ్మల్లో ప్రతి వస్తువూ ఓ శుభాకాంక్షే. పెర్సిమన్ పండు పేరూ, పని అనే మాటా చైనా భాషలో ఒకేలా పలుకుతాయి. అందుకే ఆ పండు గీస్తే తలపెట్టిన పనులు నెరవేరాలని కోరుకున్నట్టు. మన గుమ్మానికి మామిడాకు ఎలాగో అలాగన్నమాట. మరుసటి ఏడాది, 1736లో, ఆమె కన్నుమూసింది.

కొడుకు పెద్ద అధికారి అయ్యాక తల్లి చిత్రాలు చియెన్‌లాంగ్ చక్రవర్తికి సమర్పించాడు. 20కి పైగా రాజుగారి సేకరణలో చేరాయి. రాత్రిపూట నూలు వడుకుతూ కొడుకులకి చదువు చెప్పే తల్లిగా ఆమెని చూపే బొమ్మ ఒకటుంది. చక్రవర్తి దానిమీద కవిత్వం కూడా రాశాడు. దాని పేరులో నూలుంది, చదువుంది. కుంచె లేదు! ఇక్కడే నా మనసు చివుక్కుమంది. ఆదర్శమాత అంటే అందరికీ ముద్దే. కొడుక్కి ఆ ఉద్యోగమే రాకపోతే ఆ బొమ్మలు ఏ పెట్టెలో మగ్గేవో!

కొత్త సంవత్సరం చిత్రం తైపేలోని మ్యూజియంలో ఉంది. తెల్ల కాకతువ్వ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం చేరింది. అక్కడ బొమ్మ పక్కన ఎవరి తల్లి అని కాదు, చెన్ షు అనే ఆమె పేరే ఉంటుంది.