రిటైరయ్యాక మొదలుపెట్టిన పని
(గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం)

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఆయన జీవితం గురించే రాస్తానని ఒప్పుకున్నాను. నేను పండితుణ్ణి కాను. ముప్ఫై అయిదేళ్ళు ఫైళ్ళలో నోట్లు, డ్రాఫ్టులు రాసి రిటైరైన గుమాస్తాను. కాని పంతులుగారి విషయంలో నాకొక పాత బాకీ ఉంది. అది ముందు చెప్పుకుంటాను.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. ఆ తర్వాత మెల్లగా ఆఫీసుల్లో తెలుగు ఉత్తరాలు మొదలయ్యాయి. నేను సర్వీసులో చేరేసరికి మా సెక్షనులో తెలుగు డ్రాఫ్టు చక్కగా రాస్తాడని నాకు కాస్త పేరు వచ్చింది. చక్కగా అంటే, మామూలు మనిషికి అర్థం కాకుండా అని ఇప్పుడు తెలుస్తోంది. చనిపోయిన ఒక నాలుగో తరగతి ఉద్యోగి భార్యకు, ఫలానా తేదీలోగా ఫలానా సర్టిఫికెట్టు తెచ్చి ఇవ్వమని ఒకసారి మెమో రాశాను. నాలుగు వరసల సంస్కృత సమాసాలతో, చివర ఒక్క క్రియతో ఒకే వాక్యంగా రాశాను. పై అధికారి మెచ్చుకుని సంతకం పెట్టారు. మూడు నెలల తర్వాత ఆమె ఆ కాగితం మడత పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఊళ్ళో చదువుకున్న కుర్రాడి చేత చదివించుకుందట. అతను అక్షరాలు చదివాడు గాని, ఏం తెమ్మన్నారో అతనికీ బోధపడలేదట. గడువు దాటిపోయింది. ఆ మూడు నెలలూ ఆమెకు పింఛను అందలేదు. తప్పు ఆమెది కాదు, ఆ కుర్రాడిదీ కాదు. డ్రాఫ్టు రాసినవాణ్ణి నేను. పంతులుగారు ముప్ఫై ఏళ్ళపాటు దేని మీద పోరాడారో ఆ రోజు నాకు అర్థమయింది.

ఆయన 1863లో వంశధార నది ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. అంటే ఆయన కూడా మనలాంటి ఉద్యోగస్థుల ఇంటి బిడ్డే. పన్నెండో ఏటే తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి స్కూల్లో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఇంటి బరువు మీద పడడంతో 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకు ముప్ఫై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., తర్వాత బి.ఏ. పరీక్ష ప్యాసయ్యారు. డిపార్టుమెంటు పరీక్షలకు రాత్రిళ్ళు లాంతరు ముందు కూర్చున్న మన సభ్యులకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు.

ఆయన చరిత్ర మేష్టారు. ముఖలింగం గుడి గోడల మీద శాసనాలు ఉన్నాయి గదా, చరిత్ర చెప్పేవాడు వాటిని చదవలేకపోతే ఎలా అని పాత లిపిని తనంతట తానే నేర్చుకున్నారు. ఆ పని వల్ల ఒక సంగతి ఆయన మనస్సులో నాటుకుంది. అక్షరాలు ఒక్కలాగే ఉండిపోలేదు. మాటలూ ఉండిపోలేదు. శాసనం చెక్కించినవాడు తన కాలపు తెలుగు రాశాడు, ఆ తర్వాతి వాడు తన కాలపు తెలుగు రాశాడు. భాష మారడం పాడైపోవడం కాదని ఆయనకు పుస్తకాలు చెప్పడానికి ముందే రాళ్ళు చెప్పాయి.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ళ భాషకు అప్పటికి రాత లేదు. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు ఆ భాష తనకు రావాలని, తెలుగూ సవరా వచ్చిన ఒకతన్ని ఇంట్లో పెట్టుకుని మేష్టారే శిష్యుడయ్యారు. సవర మాటలు తెలుగు లిపిలో రాసి వాచకాలు తయారుచేశారు. సొంత ఖర్చుతో బళ్ళు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వంవారు ఆ పుస్తకాలకు పారితోషికం ఇస్తామంటే తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు. ప్రభుత్వం 1913లో రావుబహదూర్ బిరుదు ఇచ్చింది. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో ప్రభుత్వమే అచ్చు వేసింది. తర్వాత నిఘంటువు వచ్చింది.

ఈ పనికి ఆయన ఇచ్చుకున్న మూల్యం కూడా చెప్పాలి. ఆ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. జ్వరానికి క్వినైను వాడీ వాడీ చెవుడు వచ్చింది. అది ఇక పోలేదు. మనలో చాలామందికి ఇప్పుడు వినికిడి తగ్గింది. ఎదుటివాళ్ళు రెండోసారి చెప్పడానికి విసుక్కుంటే మనకెంత చిన్నతనంగా ఉంటుందో తెలుసు. అలాంటిది, చెవులు సరిగా వినిపించని మనిషి జనం నోటి మాట కోసం జీవితమంతా వాదించారు.

ఇక తెలుగు సంగతి. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం తర్వాత పాఠ్యపుస్తకాలన్నీ గ్రాంథికంలోనే నడిచేవి. ఇంట్లో వస్తున్నాడు అనే పిల్లవాడు బళ్ళో వచ్చుచున్నాడు అని రాయాలి. అరసున్న ఎక్కడ పెట్టాలో, బండి ఱ ఎక్కడ వేయాలో బట్టీ పట్టాలి. ఏది చెప్పదలచుకున్నాడో ఆలోచించే తీరిక ఉండదు. మొదట్లో పంతులుగారు కూడా గ్రాంథికమే రాశారు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాల స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగుకూ క్లాసులో చెప్పే తెలుగుకూ ఇంత తేడా ఎందుకన్నది ఆయన సందేహం. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి జవాబు గురజాడవారూ గిడుగువారూ చెప్పగలరన్నారట. అలా మొదలైంది ఆ ఉద్యమం.

1911లో, ముప్ఫై ఏళ్ళ సర్వీసు తర్వాత, పంతులుగారు రిటైరయ్యారు. అప్పటికి వయస్సు 48. ఇక ఇంటిపట్టున ఉండి హాయిగా గడపవచ్చు. కాని ఆయన అసలు పని పూర్తి ఎత్తున మొదలైంది అప్పుడే. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం పాత భాషలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయవచ్చునని జీ.ఓ. వచ్చింది. ఆధునిక భాషకు నమూనాలుగా ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రతో పాటు, చిన్నయసూరిగారి హిందూధర్మశాస్త్ర సంగ్రహాన్నే చూపించారు. వ్యాకరణం రాసిన సూరిగారు కూడా నలుగురికీ తెలియవలసిన సంగతి రాసేటప్పుడు వాడుక మాటలకే వచ్చారన్నమాట. పండితులు ఊరుకోలేదు. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు అడ్డం నిలిచారు. సభలు, తీర్మానాలు, మహజర్లు నడిచాయి. ఆ వెసులుబాటు ఎక్కువ కాలం నిలవలేదు. 1915లో గురజాడవారు కన్నుమూశారు. సగం బలం పోయినట్లయింది.

గ్రాంథికవాదులను మనం తేలిక చేయకూడదు. వాళ్ళూ తెలుగును ప్రేమించినవాళ్ళే. కట్టుబాటు పోతే ఊరికొక తెలుగు, మనిషికొక తెలుగు అయిపోతుందనీ, పిల్లలకు పెద్దల కావ్యాలు అందకుండా పోతాయనీ వాళ్ళ భయం. ఈ భయం నాకు బాగా తెలుసు. నా మనుమరాలి ఫోను మెసేజీ చూసినప్పుడల్లా నాకు కలిగేది ఇదే.

పంతులుగారు దానికి కోపంతో కాదు, లెక్కతో జవాబిచ్చారు. కావ్యాలు, శాసనాలు, పాత వచన గ్రంథాలు తిరగేసి, తప్పని తోసేసిన వాడుక రూపాలు పూర్వులే ఎక్కడెక్కడ వాడారో ఎత్తి చూపారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోనే వాళ్ళ సొంత వ్యాకరణానికి విరుద్ధంగా ఉన్న తప్పులు పోగుచేసి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే పుస్తకం రాశారు. మహాపండితులకే పట్టుబడని భాషను పదేళ్ళ పిల్లవాడి నెత్తిన ఎందుకు రుద్దాలన్నది ఆయన ప్రశ్న. పాత కావ్యాలు చదవవద్దని ఆయన ఏనాడూ అనలేదు. చదవండి, అర్థం చేసుకోండి, కాని ఈనాటి సంగతి ఈనాటి మాటల్లో రాయండన్నారు. నోటికొచ్చినట్టు రాయమనీ అనలేదు. చదువుకున్నవాళ్ళు నలుగురిలో మాట్లాడే శిష్టవ్యవహారం ఆయన గీసిన గీత.

1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి అధ్యక్షులు ఎవరనుకున్నారు? కందుకూరి వీరేశలింగం పంతులుగారు. జీవితమంతా గ్రాంథిక వచనం రాసి, దానికి దారి చూపిన మనిషి డెబ్బయ్యో ఏట ఈ పక్షానికి వచ్చారు. అదే సంవత్సరం మే నెలలో వారు కాలధర్మం చెందారు. పెద్దవయస్సులో అభిప్రాయం మార్చుకోవడం ఎంత కష్టమో మనకు తెలుసు గనుక ఈ ఒక్క సంగతి మనం మరువకూడదు.

ఆ ఏడే గిడుగువారు తెలుగు అనే పత్రిక పెట్టారు. అది ఏడాదిపాటు నడిచింది. ఊరూరా సభలకు తిరిగారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలసేపు గ్రంథాల్లోంచి ప్రయోగాలు చూపిస్తూ మాట్లాడారు. సభ ఆయన వాదం వైపు తిరిగింది. అప్పటికి వయస్సు అరవై దాటింది, చెవుడు ఉండనే ఉంది. 1933లో రాజమండ్రిలో అభిమానులు సప్తతి మహోత్సవం జరిపారు. తాపీ ధర్మారావుగారి జనవాణి వంటి పత్రికలు వాడుక తెలుగులో రావడం ఆయన కళ్ళారా చూశారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దాన్ని ముందు నుంచీ వ్యతిరేకించిన పంతులుగారు, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు ఆ రోజే విడిచి రాజమండ్రి వచ్చేశారు. డెబ్బై రెండేళ్ళ వయస్సులో ఇల్లు మారడమంటే ఏమిటో, పిల్లల దగ్గరికి సామాను సర్దుకుని వెళ్ళిన మన సభ్యులు చెప్పగలరు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర ఆఫీసులో పత్రికా సంపాదకులను కలుసుకుని, ఇంకా మిగిలి ఉన్న పని మీరు పూర్తి చేయండని కోరారు. మరో వారానికి, 22వ తేదీన, మద్రాసులోనే కన్నుమూశారు. రిటైరైన తర్వాత 29 ఏళ్ళు బతికారు. ఆ 29 ఏళ్ళూ పని చేశారు.

ఇప్పుడు మన సంగతి. మా చిన్నప్పుడు తాతగారి ఉత్తరం ఉభయకుశలోపరితో మొదలయ్యేది. నేను ఇన్‌లాండు కవరులో ఆ మాట లేకుండా మొదలుపెడితే మా నాన్నగారు కోప్పడ్డారు. మన కళ్ళముందే తెలుగు టైపు మిషను వచ్చింది, పోయింది. టెలిగ్రాము 2013 జూలైలో ఆగిపోయింది. బెంగుళూరులో ఉన్న నా మనుమరాలు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఫోనులో పంపేది. నేను ప్రతి మెసేజీకీ తప్పులు దిద్ది తిప్పి పంపేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ పిల్ల రాయడం మానేసింది. ఏది అడిగినా బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చేది. దిద్దడంలో నేను గెలిచాను, ఉత్తరం మాత్రం పోగొట్టుకున్నాను.

ఈ వ్యాసం కోసం పంతులుగారి జీవితం మళ్ళీ చదివాక ఆ పిల్లకు నేనే ఫోను చేశాను. తాతయ్యకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చదవడం కళ్ళకు కష్టంగా ఉందమ్మా అని ఉన్నమాట చెప్పాను. ఫోనులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాలే పడతాయని అదే నాకు నేర్పింది. ఇప్పుడు ఇద్దరం అలాగే రాసుకుంటున్నాం. ఒత్తులు తప్పిపోతాయి, ళ బదులు ల పడుతుంది. అర్థం చెడితే అడుగుతాను, లేకపోతే ఊరుకుంటాను. ఈ మధ్య ళకీ లకీ తేడా ఏమిటి తాతయ్యా అని తనే అడిగింది. అడిగినప్పుడు చెప్పడం వేరు, అడగకుండా దిద్దడం వేరు.

చివరగా మన సంఘానికి ఒక మనవి. మన నోటీసులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి పంపే సర్క్యులర్లు ఇకనుంచి మామూలు తెలుగులో, చిన్న చిన్న వాక్యాల్లో రాద్దాం. అచ్చుకు పంపే ముందు మన ఫ్యామిలీ పెన్షనర్లలో ఒకరికి చదివి వినిపించి, వారికి తెలిసిందీ లేనిదీ అడుగుదాం. డ్రాఫ్టు రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. ఆ తల్లికి నేను తీర్చలేకపోయిన బాకీ ఈ విధంగానైనా కొంత తీరుతుంది.