టీచర్లకు పాఠం చెప్పిన డాక్టరమ్మ

మూడు, నాలుగేళ్ల పిల్లల్ని వెంటబెట్టుకుని ఓపీకి వచ్చే తల్లిదండ్రుల్లో కొందరి చేతిలో ఏ రిపోర్టూ ఉండదు. బాబు కుదురుగా కూర్చోవడం లేదని, మాటలు సరిగా రావడం లేదని, వేరే బడి చూసుకోమన్నారని చెబుతూ తల్లి కళ్లు తుడుచుకుంటుంది. అప్పుడల్లా నాకు మరియా మాంటిస్సోరి గుర్తొస్తారు. ఆ పేరు మనకు బడి బోర్డుల మీదే పరిచయం. నిజానికి ఆమె మొదట డాక్టర్. ఆ తర్వాతే టీచర్.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో పుట్టారు. ఆడపిల్ల డాక్టరీ చదవడం తండ్రికి ఇష్టం లేదు. తల్లి అండగా నిలిచింది. రోమ్ విశ్వవిద్యాలయంలో మగ విద్యార్థులతో కలిసి శవాన్ని కోసి చూడటం ఆడపిల్లకు తగదన్నారు. దాంతో అందరూ వెళ్లిపోయాక ఆమె ఒక్కతే ఆ గదిలో పని చేసుకునేది. అలా చదివి 1896లో వైద్య పట్టా అందుకున్నారు. ఆ దేశంలో డాక్టర్లయిన తొలి తరం మహిళల్లో ఆమె ఒకరు.

రొట్టె ముక్కల వెనక ఆకలి

యూనివర్సిటీ మానసిక వైద్య విభాగంలో పని చేస్తూ ఆమె పిచ్చాసుపత్రులకు వెళ్లేవారు. ఎదుగుదల లోపం ఉన్న పిల్లల్ని అప్పట్లో అక్కడే పెద్దవాళ్లతో కలిపి ఉంచేవారు. తిండి అయ్యాక ఆ పిల్లలు కింద పడిన రొట్టె ముక్కలు ఏరుకోవడం చూసి ఆయా అసహ్యించుకుందట. మరియాకు మాత్రం ఇంకోటి కనిపించింది. ఆ గదిలో పిల్లలు ముట్టుకోవడానికి, ఆడుకోవడానికి ఒక్క వస్తువూ లేదు. వాళ్ల ఆకలి కడుపుది కాదు, చేతులది, మనసుది.

ఇతార్, సెగ్విన్ అనే ఫ్రెంచి డాక్టర్లు ఇలాంటి పిల్లల గురించి రాసిన పుస్తకాలను ఆమె శ్రద్ధగా చదివారు. ఇది మందులతోనే తీరేది కాదని, నేర్పే పద్ధతితో చాలా మార్పు తేవచ్చని 1898లో టురిన్‌లో జరిగిన విద్యా సదస్సులో వాదించారు.

ముందు టీచర్లకే బడి

1900లో రోమ్‌లో ఒక శిక్షణ సంస్థ మొదలైంది. దాని బాధ్యత మరియాతో పాటు డాక్టర్ మాంటెసానోకు అప్పగించారు. మొదటి విడతలో 64 మంది టీచర్లు చేరారు. మెదడు, నరాలు ఎలా పనిచేస్తాయి, లోపాలు ఎందుకు వస్తాయి, ఒక్కో బిడ్డకు ఎలా నేర్పాలి అన్నవి వాళ్ల పాఠాలు. పక్కనే పిల్లల తరగతి కూడా ఉండేది. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా మరియా స్వయంగా పిల్లలతోనే గడిపేవారు. ముందు బిడ్డను గమనించు, తర్వాతే నేర్పు అన్నది ఆమె పద్ధతి. మేం రోగిని చూసే తీరు కూడా అదే.

చదువు రాదని వదిలేసిన ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లల పరీక్షలు పాసయ్యారు. అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకు వేరే అనుమానం వచ్చింది. ఏ లోపమూ లేని పిల్లలు ఇంతకంటే ముందుకు ఎందుకు పోలేకపోతున్నారు? ఆ ప్రశ్నే ఆమెను 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో పేదల వాడలో తెరిచిన పిల్లల ఇంటికి చేర్చింది. తాకి నేర్చుకునే గరుకు కాగితం అక్షరాల వంటివి మన నర్సరీల దాకా వచ్చింది ఆ దారిలోనే.

సొంత జీవితంలో మాత్రం ఆమెకు పెద్ద వెలితి ఉండేది. 1898లో పెళ్లికాకుండానే పుట్టిన కొడుకు మారియోను పల్లెలో వేరొకరి దగ్గర పెంచాల్సి వచ్చింది. అతను టీనేజీకి వచ్చాకే తల్లి దగ్గరికి చేరాడు.

మద్రాసులో మాంటిస్సోరి

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై తల్లీకొడుకులు మద్రాసు వచ్చారు. అడయారులో జరిగిన శిక్షణకు సుమారు 300 మంది హాజరయ్యారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమె 70వ పుట్టినరోజున విడిచిపెట్టింది. 1946 వరకు ఆమె మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

మన ఇంటి సంగతి

బడి బోర్డు మీద ఆ పేరుంటే సరిపోదు. టీచర్‌కు ఎంతమంది పిల్లలున్నారు, వెనకబడిన బిడ్డను గుర్తించే శిక్షణ ఆమెకుందా అని అడగండి. చెక్క బొమ్మలే చికిత్స అనుకోవద్దు. పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, కళ్లలోకి చూడకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పకపోయినా, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయని ఆగిపోకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే డీఈఐసీ కేంద్రాల్లో పరీక్షలు, థెరపీ ఉచితం. అంగన్‌వాడీ టీచర్‌ను గానీ, ప్రభుత్వాసుపత్రిలో గానీ అడిగితే దారి చెబుతారు. టీచర్ ఏదైనా తేడా చెబితే కోపం తెచ్చుకోకండి. బిడ్డను జాగ్రత్తగా గమనించింది కాబట్టే ఆమెకు అది కనిపించింది.