ఇనుముకు జింకు కాపలా – సర్ హంఫ్రీ డేవీ జీవితం

కృష్ణా డెల్టాలో ఉద్యోగ జీవితం గడిపినవారికి తుప్పు సంగతి కొత్తగా చెప్పనవసరం లేదు. విజయవాడ నుంచి సాగే బందరు, ఏలూరు, రైవిస్ కాలువల లాకులు, షట్టర్లు, పొలాల మీదుగా వెళ్ళే విద్యుత్ టవర్లు, మన ఇళ్ళ మెట్లకున్న ఇనుప కమ్మీలు – అన్నింటికీ శత్రువు అదే. ఒక్క ఇనుప భాగం పట్టు తప్పితే ఏమవుతుందో 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు అందరం చూశాం.

ఒక లోహానికి మరో లోహాన్ని కాపలా పెట్టవచ్చునని శాస్త్రీయంగా నిరూపించిన మహనీయుడు సర్ హంఫ్రీ డేవీ. గని కార్మికుల రక్షణ దీపం పాఠంలో ఆయన పేరు మనం బడిలో చదువుకున్నదే. ఆయన జీవితంలోని ఒక ఓటమి మాత్రం పాఠాలకు ఎక్కలేదు. అదే ఈనాడు మనకు ఎక్కువ పనికివస్తుంది.

డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండులోని పెన్‌జాన్స్ అనే సముద్రతీర పట్టణంలో జన్మించారు. తండ్రి కొయ్య చెక్కే పనివారు. ఐదుగురు సంతానంలో డేవీయే పెద్ద. 1794లో తండ్రి మరణించగా, మరుసటి సంవత్సరమే ఒక వైద్యుని వద్ద పని నేర్చుకోవడానికి చేరారు. విశ్వవిద్యాలయ విద్య లేదు. రసాయన శాస్త్రాన్ని స్వయంకృషితోనే అభ్యసించారు. 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రవేశించి, విద్యుత్తు సహాయంతో 1807లో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. 1813లో మైకేల్ ఫారడే అనే పేద యువకుని సహాయకునిగా చేర్చుకున్నారు. 1815లో రూపొందించిన గని దీపానికి పేటెంటు తీసుకోకుండా లోకానికి వదిలివేశారు. 1820లో రాయల్ సొసైటీ అధ్యక్షులయ్యారు.

అప్పటి బ్రిటిషు నౌకలు కొయ్యవి. అడుగు భాగానికి రాగి రేకులు తొడిగేవారు. ఉప్పునీటిలో ఆ రేకులు త్వరగా తినివేయబడుతున్నాయని నౌకాదళం డేవీ సలహా కోరింది. రెండు లోహాలు తాకుతూ ఉప్పునీటిలో ఉంటే, వాటిలో చురుకైనది తాను కరిగిపోతూ రెండవదానిని కాపాడుతుందని ఆయన 1824లో నిరూపించారు. రాగి రేకుకు చిన్న జింకు ముక్కనో, ఇనుప ముక్కనో తగిలిస్తే చాలు, రాగి చెక్కుచెదరలేదు.

ప్రయోగం నెగ్గింది, నౌక మాత్రం ఓడిపోయింది. రాగి కొద్దికొద్దిగా కరుగుతున్నంత కాలం ఆ విషానికి సముద్రపు నాచు, గుల్లపురుగులు దగ్గరకు రాలేదు. రాగి కరగడం ఆగేసరికి అవి దట్టంగా పట్టుకుని నౌకల వేగం తగ్గించాయి. 1825లో ఆ ముక్కలను తొలగించమని నౌకాదళం ఉత్తర్వులిచ్చింది. పత్రికలు ఎగతాళి చేశాయి. ఆరోగ్యం క్షీణించి 1827లో అధ్యక్ష పదవి వదులుకున్నారు. 1829 మే 29న జెనీవాలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 50 ఏళ్ళు మాత్రమే.

ఆ సూత్రం మాత్రం చావలేదు. 1837లో ఫ్రాన్సు దేశస్థుడు సోరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు పొందారు. మన జి.ఐ. పైపులు, రేకులు ఆ కోవలోనివే. జింకు పూత గీరుకుపోయినా చుట్టూ ఉన్న జింకు తాను కరుగుతూ ఆ గీతలోని ఇనుమును కాస్తుంది. మామూలు రంగుకు ఆ గుణం లేదు.

డేవీ ఓటమి చెప్పే నీతి ఒక్కటే: లోహాన్ని మాత్రమే చూస్తే చాలదు, అది నిలిచే చోటును, చేసే పనిని కూడా చూడాలి. జింకు పూత ఎంపికలోనూ ఇదే వర్తిస్తుంది.

కొత్తగా చేయించే కమ్మీలకు, టవరు భాగాలకు సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వేడి జింకులో ముంచే పూత శ్రేష్ఠం. 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందంగల ఉక్కుకు చదరపు మీటరుకు 610 గ్రాముల జింకు ఉండాలని భారతీయ ప్రమాణం. అయితే బిగించి ఉన్న కట్టడాన్ని తొట్టిలో ముంచలేం. పెద్ద గేట్లకు ఇసుక పీడనంతో తుప్పు రాల్చి, కరిగిన జింకును చిమ్మే పద్ధతి ఉంది. ఇంటి కమ్మీలకు జింకు పొడి అధికంగా ఉన్న ప్రైమరే సులభం. కాని అది మెరిసే ఉక్కును తాకితేనే పనిచేస్తుంది. తుప్పు మీద పూస్తే డబ్బు దండుగ. దుకాణంలో జింకు క్రోమేట్ ప్రైమర్ ఇస్తే అది వేరని గుర్తుంచుకోవాలి. అందులో ఉన్నది జింకు లోహం కాదు, జింకు లవణం. అది ఇనుము కోసం కరిగిపోదు, పైగా క్రోమేట్ ఆరోగ్యానికి హానికరం. బందరు, అవనిగడ్డ వైపు ఉప్పుగాలికి జింకు కూడా త్వరగా అరుగుతుంది. అక్కడ జింకు పూత మీద మంచి రంగు కూడా వేయించడం మేలు. జి.ఐ. పైపుకు రాగి గొట్టాన్ని నేరుగా కలపరాదు. డేవీ చెప్పినట్లే రాగి క్షేమంగా ఉంటుంది, జింకు కరిగిపోతుంది.

అన్నిటికన్నా ముందు, పాత కమ్మీని సుత్తితో తట్టి చూడాలి. పొరలు రాలి మందం తగ్గిపోయి ఉంటే ఏ పూతా పోయిన బలాన్ని తిరిగి ఇవ్వదు. ఆ ముక్క మార్పించవలసిందే. మనవలు ఊగులాడేదీ, మనం ఆనుకుని మెట్లెక్కేదీ ఆ కమ్మీనే గదా.

తాను అరిగిపోతూ పక్కవానిని కాపాడే గుణం జింకుది. దానిని లోకానికి ఎరుకపరచిన డేవీని మెట్ల కమ్మీకి ప్రైమరు వేయించేనాడు ఒక్కసారి తలచుకుందాం.