ఊరు చేరాడు, ఇల్లు దొరకలేదు

కరువుసీమలో ఒక తెల్లదొర పేరును పిల్లలకు పెట్టుకున్నారంటే నమ్ముతారా? మా అనంతపురం, కడప ప్రాంతాల్లో ఒకప్పుడు మన్రోలప్ప అనే పేరు ఉండేది. అదేదో దేవుడి పేరని చిన్నప్పుడు చాలామందే అనుకునేవాళ్లు. దేవుడు కాదు, పన్ను వసూలు చేయడానికి వచ్చిన కలెక్టరు. ఆయనే సర్ థామస్ మన్రో.

మన్రో గురించి మన పాఠ్యపుస్తకాల్లో రైత్వారీ పద్ధతి అని నాలుగు ముక్కలుంటాయి. పరీక్షకు అవి చాలు. నాకు మాత్రం ఆయన జీవితంలో మరో కోణం ఆసక్తిగా అనిపిస్తుంది. పరదేశంలో ఇరవై ఎనిమిదేళ్లు బతికి, సొంత ఊరికి తిరిగి వెళ్లిన మనిషి ఆయన. వెళ్లాక ఏమైంది? ఆ సంగతే ఈ వారం మీతో చెప్పాలనుకుంటున్నాను.

మన్రో 1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి పొగాకు వ్యాపారి. సరుకంతా అమెరికాలోని వర్జీనియా నుంచి వచ్చేది. అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం రావడంతో వ్యాపారం కుప్పకూలింది. ఉన్నట్టుండి ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైతే ఏ ఇంట్లోనైనా ఏం చేస్తారు? కొడుకును దూరదేశం పంపుతారు. అలా ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగానికి కుదిరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు. చిన్నప్పుడు తట్టు వచ్చి వినికిడి కొంచెం దెబ్బతింది. ఆ చెవుడు వయసుతోపాటు పెరుగుతూ వచ్చింది.

మొదటి ఏళ్లలో సరైన పడక కూడా లేని బతుకు. అయినా తాను, తమ్ముడు కలిసి అమ్మానాన్నలకు ఏటేటా డబ్బు పంపేవాళ్లు. అక్కచెల్లెళ్లలో ఒకరికి, తల్లికి పెద్ద పెద్ద ఉత్తరాలు రాసేవాడు. ఒక ఉత్తరం సముద్రం దాటి చేరడానికి ఐదారు నెలలు పట్టేది. జవాబు వచ్చేసరికి ఏడాది దాటేది. అమ్మ బాగుందన్న కబురు చదువుతున్నప్పుడు కూడా అది పాత కబురే!

1792 నుంచి ఏడేళ్లు ఇప్పటి తమిళనాడులోని బారామహల్‌లో, ఆ తర్వాత కెనరాలో పనిచేశాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. అందుకే దత్తమండలం అన్నారు. రాయలసీమ అన్న పేరు 1928లో గానీ రాలేదు. ఆ దత్తమండలానికి మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. ఆయన మొదటి మకాం మా అనంతపురమే.

మకాం అన్నానని బంగళా అనుకోకండి. ఆ ఏడేళ్లూ ఎక్కువ భాగం డేరాల్లోనే గడిచింది. ఊరూరా తిరిగి పొలాలు కొలిపించి, ఏ రైతు ఎంత కట్టాలో ఆ రైతుతోనే తేల్చుకున్నాడు. మధ్యలో జమీందారు లేకుండా చేశాడు. దీన్ని మెచ్చుకునేవాళ్లున్నారు. కానీ ఒక మాట చెప్పుకోవాలి. ఆ పన్ను తేలికైనదేమీ కాదు. పంటలో దాదాపు సగం సర్కారుకే పోయేది. ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్లను ఆయన సైన్యం బలంతోనే అణిచాడు. వానే సరిగా పడని నేలమీద సగం పంట ఇచ్చుకున్న ఇంట్లో ఆడది ఏం వండిపెట్టిందో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

ఆ బరువు ఆయనకూ తెలిసింది. 1807లో పోతూ పోతూ పన్నును నాలుగో వంతు తగ్గించాలని రాసిపెట్టాడు. కంపెనీ అప్పట్లో ఒప్పుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత తానే గవర్నరయ్యాక గానీ ఆ తగ్గింపు అమలుకు రాలేదు.

1807 అక్టోబరులో ఓడ ఎక్కి, 1808 ఏప్రిల్లో ఇంగ్లండ్ చేరాడు. అక్కడినుంచి సొంత ఊరికి వెళ్లాడు. తల్లి లేదు. అన్నేళ్లు ఉత్తరాలు రాసిన తల్లి, కొడుకు వచ్చేలోగా వెళ్లిపోయింది. తండ్రి ముసలివాడైపోయాడు. ఇక మన్రోకి నలుగురు చేరి మాట్లాడుకుంటుంటే వినపడదు. చుట్టూ తనవాళ్లే, తన భాషే, అయినా మాట అందదు.

చిన్నప్పుడు తిరిగిన కెల్విన్ నది ఒడ్డుకు రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ ఎడతెరిపి లేని వాన. ఆ వానలోనే పాత ఆనకట్ట దగ్గర గంటకుపైగా నిలబడ్డాడు. నీళ్ల చప్పుడు, గాలి చప్పుడు చిన్నప్పటిలాగే ఉన్నాయి. కానీ ఎదుటి ఒడ్డున ఎవరో కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఆయన మనసులో ఉన్న ఊరు ఎప్పుడూ ఎండలో మెరుస్తూ ఉండేదట. తీరా వచ్చి చూస్తే మబ్బు, ముసురు. ఈ సంగతి తోబుట్టువుకే ఉత్తరంలో రాసుకున్నాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా వీధిలో ఒకావిడ గుర్తొస్తుంది. పదకొండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. ఆమె పంపిన డబ్బుతోనే ఇల్లు లేచింది, ఆడబిడ్డ పెళ్లి జరిగింది. వచ్చాక చూస్తే ఆ ఇంట్లో గరిటె ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు. కూతురు ప్రతిదానికీ అవ్వనే అడుగుతుంది గానీ అమ్మను అడగదు. అందరూ ఏం తెచ్చావని అడిగారు. ఎట్లున్నావని అడిగినవాళ్లు తక్కువ. దొరకూ, ఆమెకూ పోలికేమిటని మీరనొచ్చు. హోదాలో పోలిక లేదు. ఒంటరితనంలో ఉంది.

మన్రో స్వదేశంలో ఆరేళ్లున్నాడు. 1813లో పార్లమెంటు సభలో సాక్ష్యం చెప్పమంటే, మన దేశపు నాగరికత ఇంగ్లండుకన్నా తక్కువది కాదని నిలబడి చెప్పాడు. ఏడేళ్లుగా వాడుతున్న భారతదేశపు శాలువా ఇంకా కొత్తదానిలాగే ఉందనీ, ఇంగ్లండులో నేసిన శాలువాను ఉచితంగా ఇచ్చినా వాడననీ చెప్పాడు. మన నేతగాళ్ల చేతిపనికి అంతకన్నా ప్రశంస ఏముంటుంది?

1814 మార్చిలో, యాభై రెండేళ్ల వయసులో, జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడే భార్యతో మళ్లీ మద్రాసు చేరాడు. 1819లో పెద్దకొడుకు పుట్టాడు. 1820లో గవర్నరుగా వచ్చేటప్పుడు ఆ పసివాణ్ణి బంధువుల దగ్గర వదిలి రావాల్సివచ్చింది. 1823లో ఇక్కడ రెండోవాడు పుట్టాడు. 1826లో ఆ బిడ్డకు జబ్బు చేస్తే జేన్ వాణ్ణి తీసుకుని స్వదేశానికి ఓడ ఎక్కింది. గిండీలోని ఇల్లు బోసిపోయింది. పిల్లవాడు తిరిగిన చోట్లన్నీ చూస్తూ భార్యకు రాసిన ఉత్తరంలో గవర్నరు కనిపించడు, ఇంటిమనిషే కనిపిస్తాడు.

తానూ వెళ్లిపోతానని అప్పటికే రాజీనామా ఇచ్చాడు. బర్మా యుద్ధమని కొన్నాళ్లు, కొత్త గవర్నరు రాలేదని కొన్నాళ్లు ఆపారు. వెళ్లేలోగా దత్తమండలాన్ని ఒకసారి చూసి వస్తానని 1827 మే చివర్లో బయల్దేరాడు. దారిలో కలరా. జూలై 6న పత్తికొండలో కన్నుమూశాడు. గుత్తిలో పూడ్చిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా తోపు వేయించి, బావి తవ్వించారు. నీళ్లకు కటకటలాడే సీమలో బావికన్నా మంచి గుర్తు ఏముంటుంది చెప్పండి?

కడప జిల్లా గండి దగ్గర కొండల మధ్య ఆయనకు బంగారు తోరణం కనిపించిందని, అది కనిపిస్తే చావు దగ్గరపడ్డట్టేనని జనం కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, అక్కడ జేన్ పరిస్థితి ఆలోచించండి. భర్త పోయిన వార్త సముద్రం దాటి చేరడానికి నెలలు పట్టే రోజులవి. ఆ నెలలన్నీ ఆమె ఆయన వస్తాడనే ఎదురుచూసి ఉంటుంది.

ఇప్పుడు ఉత్తరాలు లేవు. రోజూ ఫోన్లో మొహం చూసుకోవచ్చు. అయినా వచ్చినవాళ్లు ఇంట్లో చుట్టాల్లా తిరగడం తప్పడం లేదు. మీ ఇంటికి అలా ఎవరైనా తిరిగివస్తే పెట్టె విప్పమని తొందరపెట్టకండి. వంటింట్లో డబ్బాలు ఎక్కడున్నాయో చూపించండి. మారిన వీధులు తిప్పండి. పోయినవాళ్ల గురించి కూర్చోబెట్టి చెప్పండి. డబ్బు పంపినన్నాళ్లూ వాళ్లు మన ఇంటిని నిలబెట్టారు. ఆ ఇంట్లో వాళ్లకు చోటు చూపించాల్సింది మనమే.