గోర్కీ చదివిన నవలలు

మక్సీం గోర్కీ అనగానే మన హాస్టల్ మిత్రులకు క్రొవ్విడి లింగరాజు గారు తెలుగు చేసిన ‘అమ్మ’ నవల గుర్తుకొస్తుంది. ఆయన రాసిన నవలల గురించి పెద్దలు చాలా చెప్పారు. మేము మాత్రం మన ఈడులో ఆయన చదివిన నవలల గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం.

అసలు పేరు అలెక్సేయ్ పెష్కోవ్. 1868లో రష్యాలోని నీజ్నీ నోవ్‌గొరోద్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి కలరాతో చనిపోయాడు. రంగుల అద్దకం కార్ఖానా నడిపే తాత కషీరిన్ ఇంట్లో పెరిగాడు. తాత పిసినారి, మహా కోపిష్టి. ఒకసారి మనవణ్ణి స్పృహ తప్పేదాకా కొట్టాడు. 1879లో తల్లి కూడా పోయాక, నీ తిండి నువ్వే సంపాదించుకోమని బయటికి పంపేశాడు. అప్పటికి పిల్లాడికి పదకొండేళ్లు.

వోల్గా నది మీద తిరిగే స్టీమరులో అంట్లు తోమే పని దొరికింది. అక్కడి వంటవాడు స్మూరీ భారీ మనిషి, నోరు దురుసు. కానీ పెట్టె నిండా పుస్తకాలు దాచుకున్నాడు. అంట్లు వేరేవాళ్లకు అప్పగించి మరీ అలెక్సేయ్ చేత చదివించుకొనేవాడు. గొగోల్ ‘తరాస్ బుల్బా’ వింటూ అంత మనిషీ ఏడ్చేశాడు.

తరువాత ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో చాకిరీ. అక్కడ చదివితే తిట్లు. రాత్రి కొవ్వొత్తి ఎంత కరిగిందో పుల్లతో కొలిచి చూసేవారు. వెన్నెలను రాగి గిన్నెతో పుస్తకం మీదికి మళ్లించబోయాడు, కుదరలేదు. చివరికి దేవుడి పటాల దీపం కింద నిలబడి చదివాడు. ఒకరోజు నీళ్లు కారిపోయి సమోవార్ పాడైతే యజమాని తల్లి పైన్ పుల్లల కట్టతో చితకబాదింది. డాక్టరు వీపులోంచి 42 పుల్లముక్కలు తీసి, ఫిర్యాదు చెయ్యమన్నాడు. అలెక్సేయ్ చెయ్యలేదు. ఇంట్లోవాళ్లు సంతోషించిన ఆ అదను చూసి, పుస్తకాలు అరువు తెచ్చుకోవడానికి అనుమతి సంపాదించాడు. ఈ బేరం మాకు భలే నచ్చింది.

మొదట్లో దొరికినవి చౌకబారు ఫ్రెంచి నవలలు. వాటిలో మంచివాడు మంచివాడే, దుర్మార్గుడు దుర్మార్గుడే. తన యజమానుల్లాగే అవీ మనుషుల మీద గట్టిగా అరిచి తీర్పులు చెబుతున్నాయని అతనికి తోచింది. అప్పుడు బాల్జాక్ ‘యూజెనీ గ్రాందే’ చేతికొచ్చింది. అందులోని పిసినారి ముసలాయన అచ్చం తన తాతే! ఇంట్లో చూసి చూసి విసిగిపోయిన ఆ సంగతులనే పుస్తకం కోపం లేకుండా, నిదానంగా చూపించింది. మనలో చాలామందికి ఇంటి దగ్గర ఒక కషీరిన్ ఉన్నాడు, పేర్లు చెప్పం గానీ. ఆయన్ని అలా చూడగలమని ఆ కుర్రాడికి చెప్పింది ఏ మాస్టారో కాదు, ఒక చిన్న నవల.

1884లో యూనివర్సిటీ చదువు ఆశతో కజాన్ వెళ్లాడు. అది దక్కలేదు, రొట్టెల బట్టీలో పని దక్కింది. 1892లో మొదటి కథకు గోర్కీ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాటకు చేదు అని అర్థం.

1913-14లో వచ్చిన ‘నా బాల్యం’లో తాత కొట్టిన దెబ్బలన్నీ ఉన్నాయి, ఒక్కటీ దాచలేదు. కొట్టిన తరువాత మిఠాయి, యాపిల్, ఎండుద్రాక్ష పట్టుకొని మంచం దగ్గరికొచ్చి, తాను కుర్రతనంలో వోల్గా ఒడ్డున తాళ్లతో పడవలు లాగిన రోజులను చీకటి పడేదాకా చెప్పిన తాత కూడా ఉన్నాడు.