వనవిద్యాగురువు బ్రాండిస్

1856వ సంవత్సరంలో దిగువ బర్మాలోని పెగూ అడవులలోనికి ఒక జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఏనుగునెక్కి ప్రవేశించాడు. ఆయన ఎడమచేతిలో నాలుగు కర్రముక్కలు, కుడిచేతిలో ఒక చిన్న చాకు ఉండేవి. దారి పొడవునా టేకుచెట్టు కనబడినప్పుడల్లా దాని లావును కంటితో అంచనా వేసి, ఆ తరగతికి కేటాయించిన కర్రపై ఒక గాటు పెట్టేవాడు. ఎడతెగని వానలో కాగితం తడిసిపోతుంది. కర్రపై గాటు మాత్రం చెరగదు. విడిదికి చేరిన పిమ్మట ఆ గాట్లను లెక్కించి పుస్తకానికి ఎక్కించేవాడు. ఆయనే డైట్రిచ్ బ్రాండిస్. నాటి బ్రిటిష్ ఇండియాలో అడవిని లెక్కకట్టి నిర్వహించే శాస్త్రానికి పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడు.

బ్రాండిస్ 1824 మార్చి 31న జర్మనీలోని బాన్ నగరంలో జన్మించాడు. తండ్రి తత్త్వశాస్త్ర ఆచార్యుడు. తండ్రి ఉద్యోగరీత్యా బాల్యంలో కొంతకాలం ఏథెన్సులో గడిపిన బ్రాండిస్, తరువాత కోపెన్‌హాగెన్, గోటింగెన్ విశ్వవిద్యాలయాలలో చదివి, 1849లో బాన్‌లో వృక్షశాస్త్ర అధ్యాపకుడయ్యాడు. ఎందరికో అటవీశాస్త్రం నేర్పిన ఈయన విశ్వవిద్యాలయంలో అభ్యసించింది మాత్రం వృక్షశాస్త్రమే. వంగదేశంలోని శ్రీరాంపూరులో ప్రసిద్ధుడైన మతప్రచారకుడు జాషువా మార్ష్‌మన్ కుమార్తె రాచెల్‌ను ఆయన వివాహమాడాడు. ఆ బంధుత్వం వలన ఆయన పేరు గవర్నర్ జనరల్ డల్హౌసీ దృష్టికి వచ్చింది. పాండిత్యానికి బంధుత్వం తోడై బ్రాండిస్‌ను బర్మాకు చేర్చాయి.

1852 నాటి యుద్ధంతో పెగూ ఆంగ్లేయుల వశమైంది. నౌకానిర్మాణానికి టేకును మించిన కలప లేదు. వర్తకులు అందినంత నరికి నదులలో తేల్చి రంగూనుకు చేర్చుతున్నారు. అడవిలో ఎన్ని చెట్లున్నవో, ఏటా ఎన్ని నరికితే అది నిలుస్తుందో ఎవరికీ తెలియదు. బ్రాండిస్ గాట్ల లెక్క ఈ ప్రశ్నకు సమాధానమే. పక్వానికి వచ్చిన చెట్లెన్ని, వాటికంటె చిన్నవి పెరిగి ఆ స్థాయికి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది అన్న రెండు సంగతులు తెలిస్తే ఏటా కొట్టదగిన చెట్ల సంఖ్య తేలుతుంది. అసలు చెడకుండ వడ్డీతో బ్రతికే గృహస్థుని పద్ధతి ఇది. లాభాలు తగ్గుతాయని వర్తకులు ఆందోళన చేసినా ఆయన తన లెక్కను విడువలేదు.

ఆ కొండలలో కరెన్ జాతివారు పోడు వ్యవసాయం చేసేవారు. బ్రాండిస్ వారిచేత పైరుతోపాటు టేకు విత్తనాలను కూడా వేయించే ఏర్పాటు చేశాడు. రెండు మూడేళ్లకు రైతు మరొక చోటికి తరలిపోతే అక్కడ టేకుతోట మిగిలేది. 'టౌంగ్యా' అని పేరొందిన ఈ పద్ధతి తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. అయితే శ్రమ కరెన్లది, తోట సర్కారుది అన్న సంగతిని విస్మరించరాదు.

1864లో ప్రభుత్వం ఆయనను భారతదేశపు మొట్టమొదటి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించింది. రైలుమార్గాలు విస్తరిస్తున్న రోజులవి. పట్టాల క్రింద పరచే దిమ్మెల కోసం సాల, దేవదారు వనాలు నేలకూలుతున్నాయి. వాటిని రక్షించడానికి చట్టముంటే చాలదు, అడవి తెలిసిన మనుషులు కావాలి. ఆయన జర్మనీ నుండి ష్లిక్, రిబ్బెన్‌ట్రాప్ అనే యువకులను రప్పించాడు. ఆంగ్ల యువకులను శిక్షణకై ఫ్రాన్సులోని నాన్సీకి, జర్మనీకి పంపించాడు. కాని అక్కడి ఓక్, బీచ్ వృక్షాల మధ్య నేర్చిన చదువు ఇక్కడి టేకు, సాల వృక్షాల ముందు కొంతవరకే అక్కరకు వచ్చేది. పైగా అడవిలో నిత్యం తిరిగి పని చేయించవలసిన రేంజర్లందరినీ ఐరోపాకు పంపడం సాధ్యం కాదు. ఈ దేశపు అడవిని ఈ దేశపు అడవిలోనే నేర్పాలని బ్రాండిస్ నిశ్చయించుకున్నాడు.

1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల వెలసింది. అక్కడ చదువుకు తరగతి గది ఎంత అవసరమో, అడవి అంతే అవసరం. అందుకే చుట్టుపట్ల ఉన్న డెహ్రాడూన్, సహరన్‌పూర్ అడవులను ఆ పాఠశాలకు అనుబంధంగా ఉంచారు. భూమి కొలవడం, చెట్టు గుర్తించడం, ఏది ఉంచాలో ఏది తీయాలో నిర్ణయించడం విద్యార్థులు చెట్ల నీడనే అభ్యసించారు. రేంజర్లుగా భారతీయులు ఈ విద్యను తమ దేశంలోనే పొందగలిగారు. 1906లో అదే నగరంలో అటవీ పరిశోధన సంస్థ కూడా ఏర్పడింది.

పాఠశాల వెలసిన ఏడాదే మరొక ముఖ్యమైన సంఘటన జరిగింది. అడవి ఎవరిది అన్న విషయమై అధికారుల మధ్య అప్పటికే తీవ్రమైన వాదం నడుస్తున్నది. వ్రాతపూర్వకమైన హక్కు లేనిచోట అడవి అంతా ప్రభుత్వానిదేనని బేడెన్-పవెల్ వాదించాడు. తరతరాల వాడుకే హక్కు అనీ, ముఖ్యమైన అడవులను మాత్రమే ప్రభుత్వముంచుకొని, గ్రామాలకు వారి అడవులు వారికి విడువవలెననీ బ్రాండిస్ అభిప్రాయం. ఊరివారు భక్తితో కాపాడుకునే దేవరకాడులను ఆయన స్వయంగా పరిశీలించి ఉన్నాడు. 1878 అటవీ చట్టం చాలావరకు బేడెన్-పవెల్ వైపే మొగ్గింది. గ్రామ అడవులను గురించిన అధ్యాయం అందులో చేరినా, అది ఎక్కువగా కాగితానికే పరిమితమైంది.

గ్రామస్థుల హక్కులు ప్రాచీనమైనవని చెప్పి మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని అంగీకరించలేదు. 1881లో బ్రాండిస్ మద్రాసుకు వచ్చి అక్కడి అడవుల పాలనను పరిశీలించాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాల అడవులు ఈ చట్టం క్రిందికి వచ్చాయి. ఆచరణలో అది ప్రజలకు ఊరట కలిగించలేదు. పశువుల మేతకు కట్టవలసిన పుల్లరిపై 1921లో పల్నాడు తిరగబడింది. మరుసటి ఏడు కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియైనాడు. అదే 1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు అటవీ నిర్బంధాలు కూడా ఒక కారణం. బ్రాండిస్ హెచ్చరిక వ్యర్థమైందనడం న్యాయమే. కాని ఆ నిర్బంధాలను అమలుపరచిన అటవీశాఖ కూడా ఆయన నిర్మించినదే!

1883లో పదవీవిరమణ చేసి బాన్ చేరిన పిమ్మట కూడా ఆయన గురుత్వం ఆగలేదు. 1889లో గిఫర్డ్ పించో అనే అమెరికా యువకుడు ఆయనను వెదుక్కుంటూ వచ్చాడు. నాడు అమెరికాలో అటవీవిద్య నేర్పే పాఠశాల లేదు. బ్రాండిస్ అతనిని నాన్సీకి పంపించి, ఆపైన ఇతర విద్యార్థులతో కలిపి స్విట్జర్లాండ్, జర్మనీ అడవులలో తిప్పాడు. మరికొంతకాలం చదువుమని ఆయన చెప్పినా వినక, తొందరపడి స్వదేశం చేరిన పించో తరువాత అమెరికా అటవీ సేవాశాఖకు తొలి అధిపతి అయ్యాడు. 1900లో అతని కుటుంబ విరాళంతోనే యేల్ విశ్వవిద్యాలయంలో అటవీ విద్యాలయం ఏర్పడింది. అంతకు రెండేళ్లు ముందే, బ్రాండిస్ శిష్యుడైన షెంక్ నార్త్ కరోలినాలోని బిల్ట్‌మోర్‌లో ఒక ఏడాది పాటి శిక్షణతో పాఠశాల తెరచాడు. అక్కడి విద్యార్థులు ఉదయం పాఠం విని, మధ్యాహ్నం అడవిలో పనిచేసేవారు. నేడు ఆ దేశంలో రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలలలో కూడా అటవీశాస్త్రం, సహజ వనరులు పాఠ్యాంశాలుగా ఉన్నాయి.

వార్ధక్యంలో బ్రాండిస్ భారతీయ వృక్షాలపై ఒక బృహద్గ్రంథం వ్రాయడానికి పూనుకున్నాడు. అప్పటికి ఆయన ఏనుగుపై తిరిగిన అడవులు వేల మైళ్ల దూరంలో ఉన్నాయి. ఎండిన ఆకులను, పూలను ముందుంచుకొని ఏళ్ల తరబడి శ్రమించి, 1906లో 'ఇండియన్ ట్రీస్'ను ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు 82 ఏళ్లు. మరుసటి సంవత్సరం మే నెలలో, జన్మించిన బాన్ నగరంలోనే కన్నుమూశాడు.